సంగటితో చేసిన గ్రీసు

బెంగళూరు యలహంకలో నేను చరిత్ర చెప్పే చిన్న బడి మూతపడ్డాక, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక పెద్ద బడి నన్ను డెమో క్లాసుకు పిలిచింది. ఆరో తరగతి పిల్లలకు ఒక పాఠం చెప్పాలి. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ కూర్చుని చూస్తారు. నచ్చితే ఉద్యోగం. ఆ ఉద్యోగం నాకు గట్టిగా కావాలి. పాఠమేమో ప్రాచీన గ్రీసు, దాని భూగోళం, తొలి నాగరికతలు. అందరూ తెర మీద బొమ్మలు వేసి చూపిస్తారని నాకు తెలుసు. అందరూ చేసేది నేనెందుకు చేస్తాను? గ్రీసునే తయారు చేసి పట్టుకెళ్తానన్నాను.

ముందురోజు గోధుమపిండి తడిపి కొండలు చేశాను. పళ్లెంలో నీళ్లు పోసి కాసేపు ఉంచితే కొండలన్నీ కరిగి జావ అయ్యాయి. అప్పుడు సంగటి గుర్తొచ్చింది. మా అనంతపురం వైపు రాత్రి మిగిలిన రాగి ముద్దను నీళ్లలో వేసి ఉంచుతాం. తెల్లారి చూస్తే ముద్ద ముద్దగానే ఉంటుంది. మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ తింటాం. వెంటనే ఎసరు పెట్టి, గట్టిగా కెలికి, వెడల్పాటి పళ్లెంలో గ్రీసును పరిచాను. నడుమ కొండలు, చుట్టూ చీలికలు చీలికలుగా తీరం, కింద పొడుగ్గా క్రీట్ ద్వీపం.

"ఉద్యోగమిస్తారో లేదో గానీ, మజ్జిగ పోస్తే తినైనా తింటార్లే," అన్నాడు మా ఆయన.

కూటి కోసం కోటి విద్యలు, ఇదొకటి అన్నాను.

ప్రిన్సిపాల్ నన్ను ఇంగ్లీషులో పలకరించి, పళ్లెం వైపు అనుమానంగా చూసి, వెళ్లి వెనక కూర్చున్నారు. నేను బెదరలేదు. నీళ్లు పోశాను. గ్రీసు చెక్కుచెదరలేదు. పిల్లలు బెంచీలు వదిలి చుట్టూ మూగారు. ఊరికీ ఊరికీ మధ్య కొండలు అడ్డుపడితే ఏ ఊరికా ఊరే రాజ్యమైందని, సముద్రమే వాళ్లకు బాట అయిందని కాగితం పడవలు వదిలి చూపించాను. సముద్రమే కాపలా అనుకున్నారో ఏమో, క్రీట్ వాళ్లు తమ రాజభవనాలకు పెద్ద కోటగోడలు కట్టలేదు. గ్రీసు నేల మీది మైసీనే నగరం వాళ్లు మాత్రం కొండ మీద ఉండి కూడా ఏనుగంత రాళ్లతో గోడలు లేపుకున్నారు.

మీరు సముద్రం చూశారా మేడమ్ అని ఒక పిల్ల అడిగింది. చూడలేదన్నాను. మాది రాళ్లూ గుట్టలూ ఉండి నీళ్లు లేని సీమ, అందుకని సగం గ్రీసు నాకు పుట్టుకతోనే తెలుసన్నాను.

ఆ నేల పంట అందరికీ చాలేది కాదు. చాలనివాళ్లు పొట్ట చేతపట్టుకుని ఓడలెక్కి, దూరపు తీరాల్లో కొత్త ఊళ్లు కట్టుకున్నారు. పోతూ పోతూ, కొత్త ఊళ్లో పొయ్యి వెలిగించుకోడానికి పుట్టిన ఊరి నిప్పు పట్టుకెళ్లేవారు. నేనూ మా ఆయనా ఇక్కడికి బస్సెక్కిందీ పంట చాలకే కదా.

"అక్కడ పుట్టిన పిల్లలకు పాత భాష వచ్చేదా?" అని అదే పిల్ల మళ్లీ అడిగింది.

వచ్చేదన్నాను. ఎన్ని తరాలైనా ఇంట్లో అదే మాట్లాడుకునేవాళ్లన్నాను.

గంట కొట్టారు. పిల్లలు వెళ్లిపోయారు. ప్రిన్సిపాల్ నెమ్మదిగా పళ్లెం దగ్గరికి వచ్చి, ఒక కొండను వేలితో నొక్కి చూశారు.

"మా అవ్వ చేసినట్లే గట్టిగా ఉండాది," అన్నారు తెలుగులో. వాళ్లవాళ్లు బెంగళూరొచ్చి ఎన్ని తరాలైందో ఆవిడకే సరిగా తెలియదట.

నేను పళ్లెం ఆవిడ వైపు జరిపాను.

"సోమవారం నుంచి వచ్చేకి అవుతాదామ్మా? వచ్చేటప్పుడు ఒక ముద్ద తెచ్చేది మర్చిపోవద్దు. సముద్రం వద్దు, మజ్జిగ చాలు."