కిష్టప్ప అరచేయి

మా పక్కింట్లో గ్రానైటు పరుస్తున్నారు. తడిసిన రాతిపొడి వాసన కిటికీలోంచి వస్తే నాకు ముందుగా గుర్తొచ్చేది రాయి కాదు, పుంగనూరులో రోసమ్మక్క వరండా, అక్కడి చింతపండు. ఎందుకో ఇప్పటికీ సరిగా తెలియదు.

రోసమ్మక్క స్పెయిన్‌లో ఒక వృద్ధాశ్రమంలో పదిహేనేళ్లు నర్సుగా చేసి సొంతూరు వచ్చేసింది. తొంభైల చివర్లో నేను మదనపల్లె నుంచి ఒక దినపత్రికకు టమోటా ధరలు రాసి పంపే విలేకరిని. కుప్పం దగ్గర ఒక గ్రానైటు ఫ్యాక్టరీకి స్పెయిన్ నుంచి రంపం మిషను వస్తోందని, దాన్ని బిగించే ఆయనకూ మనవాళ్లకూ మధ్య మాట చెప్పే మనిషి కావాలని విన్నాను. ఆ ఉద్యోగం నిలబడితే టమోటాలకు దండం పెట్టేయాలనుకున్నాను. ఆదివారం ఆదివారం బస్సెక్కి ఆమె దగ్గరకు వెళ్లాను.

ఆమె నేర్పిన మొదటి క్రియ ‘త్రబహార్’, పని చేయడం. ‘త్రబాహో’ అంటే నేను చేస్తున్నాను, ‘త్రబాహా’ అంటే అతను చేస్తున్నాడు. పుస్తకం లేదు. ముందర చింతపండు కుప్ప, నా చేతిలో చిన్న సుత్తి. గింజ రాలితేనే మాట అనాలి.

“ఫీజు వద్దంటివే అక్కా, ఇందుకేనా?”

“ఎగతాళి చాలు గానీ కొట్టప్పా. ఊరికే కూర్చోని త్రబాహో అంటే అబద్ధమయితాది. చెయ్యి ఆడాల.”

నేను స్పానిషు నేర్చుకుంటున్నానో, ఆమె ఏడాది పులుసుకు సాయపడుతున్నానో అర్థమయ్యేది కాదు. మాట మాత్రం చేతికి పట్టింది.

ఫ్యాక్టరీలో నన్ను తీసుకున్నారు. కొత్త మిషను మీద ఎవరుండాలో తేల్చే బాధ్యతను యజమాని ఆ స్పెయిన్ ఆయనకే అప్పగించాడు. ఆయన ఒక్కొక్కరినీ చూపించి “త్రబాహా?” అని నన్ను అడుగుతూ వచ్చాడు. శాంతిపురం కిష్టప్ప దగ్గర ఆగాడు. కిష్టప్ప బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని, కోత పడుతున్న బండ మీద అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నాడు. నేను చేతివంక చూశాను. ఆడటం లేదు. “నో త్రబాహా” అన్నాను. సాయంత్రానికి అతన్ని లోడింగుకు మార్చారు.

మూడో రోజు బ్లేడు పట్టేసి బండ అడ్డంగా చీలింది. మేస్త్రీ నెత్తి పట్టుకున్నాడు. “కిష్టప్ప ఉండింటే చెయ్యి పెట్టి చెప్పేవాడప్పా, లోపల పగులుండాదని. వాని పనే అది గదా!”

పరుగున లోడింగుకు వెళ్లాను. “అన్నా, ఆ పొద్దు ఏల చెప్పలేదు?”

కిష్టప్ప నవ్వాడు. “నన్నెవురడిగిరప్పా? నిన్ను గదా అడిగింది.”

స్పెయిన్ ఆయన దగ్గరకెళ్లి “కిష్టప్ప త్రబాహా, త్రబాహా” అన్నాను. మరి ఆ రోజు కాదని ఎందుకన్నావని ఆయన అడిగాడు. నేను వంగి, చీలిన బండ మీద అరచేయి ఆనించి చూపించాను. ఆయన సరేనని యజమానికి చెప్పేసరికి మర్నాడయింది. అప్పటికే కిష్టప్ప బెంగళూరు బస్సెక్కాడు. మళ్లీ రాలేదు.

ఉద్యోగం వదిలేసి పుంగనూరు వెళ్లి రోసమ్మక్కకు అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె సుత్తి పక్కన పెట్టింది.

“ఆ దేశంలో ప్రాణం పోతా ఉండే ముసలోళ్ల చెయ్యి పట్టుకోని కూర్చుండేదాన్నప్పా. పదిహేనేండ్లు నా పని అదే. నేనే మరిసిపోయి నీకు తప్పు నేర్పితినే.”

తప్పు ఆమెదో, నాదో, అడగకుండానే తేల్చేసిన ఆ పద్ధతిదో నాకు ఇప్పటికీ తెలియదు. తిరిగి పత్రికలో చేరాను, డెస్కు దాకా వచ్చాను. ‘ఖాళీగా కూర్చున్న సిబ్బంది’ అని ఎవరైనా ఫొటో కింద రాసి పంపితే ఫోన్ చేసి, “ఆయన్ని అడిగినావా?” అంటాను. కుర్రాళ్లు విసుక్కుంటారు.

ఇందాక పక్కింటికెళ్లాను. పరిచిన రాయి మీద అరచేయి పెట్టి ఒకతను కదలకుండా కూర్చున్నాడు.

“ఏం చేస్తాండావప్పా?”

“ఉండు సారూ,” అన్నాడు, తలెత్తకుండా. ఉన్నాను.