మూడు పిడికిళ్ల మన్ను

ఏసుబాబు మాటల మనిషి కాదు. మస్కట్‌లో పదమూడేళ్లు సముద్రం పనులు చేసి వచ్చాడు కదా, కథలు కథలుగా చెబుతాడని ఊరంతా చెవులు రిక్కించింది. ఆయన చెప్పింది ఒక్కటే: "గక్కడ నీళ్లు ఉప్పగుంటయ్." అబ్బో, ఎవరికీ తెలియని సంగతి!

వెల్గటూర్ దగ్గర గోదావరి వంతెన కింద వరదలు ఇసుకను కోసేసి, స్తంభాల మొదట్లో గుంతలు చేశాయి. ఇనుప డబ్బాలు జోడించిన తేలే బల్లకట్టు మీద క్రేన్ పెట్టి, రాళ్లు నింపిన వలసంచులను ఆ గుంతల్లోకి దించుతున్నారు. గుండు కట్టిన తాడు వేసి లోతు చూడడం ఏసుబాబు పని. గుండు అడుగు తాకగానే తాడు వదులవుతుంది.

ఈ పనికి ఆయన ఎగబడి వచ్చాడంటే కారణం ఉంది. మూడో స్తంభానికి కాస్త ఎగువన, ఒకప్పుడు ఒడ్డుగా ఉన్న చోట, భార్య కృపారాణి సమాధి ఉంది. ఆమె పోయినప్పుడు పాస్‌పోర్టు యజమాని చేతిలో ఉండి ఆయన రాలేకపోయాడు. ఊరివాళ్లంతా తలా మూడు పిడికిళ్ల మన్ను వేశారు, మొగుడు తప్ప. తిరిగొచ్చేసరికి ఆనకట్ట నీళ్లు ఒడ్డును ముంచేశాయి. ఆ మన్ను వేయకుండా కన్ను మూయకూడదని ఆయన ఆశ.

పనిలో చేరిన రోజే ఏసుబాబు, బల్లకట్టును లాగే పడవ నడిపే జలపతితో అక్కడికి పోయి, ఇంటి వాకిట్లో తీసిన మన్ను నీళ్లలో వేశాడు. అది ఎర్రటి చారలా సాగి వంతెన కిందుగా వెళ్లిపోయింది. ఆమెకు ఒక్క రేణువైనా అంది ఉండదు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

పని ముగిసింది. జలపతి పడవ బల్లకట్టును ఒడ్డుకు లాగుతుండగా, ఏసుబాబు చిన్న వలసంచితో ఇంజినీరు అరుణ్ దగ్గరికి వచ్చాడు.

"సారూ, గీడ పది నిమిషాలు ఆపుండ్రి."

"గీడ గుంత లేదు గదా, ఏసన్నా?"

"ఉన్నది సారూ. మీ నక్షల లేదు, గంతే. నా పెండ్లాం ఉన్నది గీడ."

అరుణ్ జలపతికి ఆపమని చెయ్యి ఊపాడు. పడవ ఆగింది.

గోనెగుడ్డలో మూడు పిడికిళ్ల మన్ను, చుట్టూ రాళ్లు. ఒట్టి మన్నును నది ఎత్తుకుపోతుంది, రాయి తోడుంటే నిలుస్తుంది. రెండు నెలలుగా ఆయన చూస్తున్నది అదే. సంచిని తాడుతో మెల్లగా దించాడు. తాడు వదులైంది.

"అందిందా అన్నా?" అడిగాడు జలపతి.

"అందింది."

"ఇగ ఇడువు, పోదాం."

ఏసుబాబు తాడు వదల్లేదు. ఇన్నేళ్ల తర్వాత ఒక కొస తన చేతిలో, ఇంకో కొస ఆమె దగ్గర.

"ఇంకొక్క నిమిషం సారూ," అన్నాడు.