ఒక్క ఓటు తేడా

మాజీ కౌన్సిలరు ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడనీ, ఆ ఓటు ఆయన భార్యే అవతలివాడికి గుద్దిందనీ వీధంతా చెప్పుకుంటుంది. ఆయన అవుననడు, కాదనీ అనడు. రోజూ పొద్దున్నే మంగలి షాపు ముందు బెంచీ మీద చేరతాడు. ఆ బెంచీ ఆయన పదవిలో ఉన్నప్పుడు వేయించిందే. వీపు ఆనించే చెక్క మీద ఆయన పేరుంది గనక ఎవరినీ వెనక్కి వాలనివ్వడు. జేబురుమాలుతో ఆ పేరొక్కటే తుడిచి, "ఊరి చరిత్రంటే ఏమిటనుకున్నార్రా? నేనే!" అని మొదలుపెడతాడు. వీధి దీపాలు, మురుగు కాలువ సరే, వానలు కూడా తన హయాంలోనే బాగా పడ్డాయట.

నిన్న ఆయన మరిచిపోయిన కళ్ళజోడు పట్టుకుని భార్య వచ్చింది. మంగలి కత్తెర ఆపి, "పిన్నిగారూ, ఇన్నేళ్ళయింది, ఇప్పటికైనా చెప్పండి. బాబాయిని ఎందుకు ముంచేశారు?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఒక్క మాట అంటాడేమోనని ఆమె భర్త వంక చూసింది. ఆయన కళ్ళజోడు అందుకుని, అద్దాలు తుడుచుకుంటూ, "పోనీలేరా, ఆడమనిషి! నేనెప్పుడో క్షమించేశాను" అన్నాడు పెద్దమనసుతో. ఆమె వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది.

ఎన్నికల రోజు ఆమె అసలు ఓటే వేయలేదు. ఫొటోగ్రాఫరు వచ్చాక ఇద్దరం కలిసి వేద్దాం, పేపర్లో పడుతుంది, అప్పటిదాకా కొత్త చీర కట్టుకుని ఇంట్లోనే కూర్చోమని ఆయనే చెప్పాడు. ఫొటోగ్రాఫరు వచ్చేసరికి పోలింగు గేటు మూసేశారు. ఆయన ఓటు కూడా పడలేదు.