బ్రేక్ పడలే

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. మా నర్సింహులపేట నుంచి మానుకోటకు సైకిల్ ర్యాలీ అన్నరు. నా గేరు సైకిల్ వెనక చక్రం వంకర పోయింది. ముందు బ్రేక్ ఎన్నడో పోయింది, వెనక డిస్క్ బ్రేకే దిక్కు. షాపాయన నాతోని కాదన్నడు. నేనే కొత్త రింగు తెచ్చి స్పోకులు ఎక్కించిన. డిస్క్ చక్రానికి స్పోకులు ఒకదాన్నొకటి దాటేటట్టు అల్లాలెనట. నేనేమో ఫొటోల మంచిగ కనపడతదని సూర్యకిరణాల లెక్క నిటారుగ బిగించిన.

మానుకోట దిగుడుల పోలీసులు అడ్డంగ తాడు కట్టిన్రు. మా లీడరన్న అందరికంటె ముందు సైకిల్ దిగి, "ఈడనే ఆగుదాం, టీవీలోల్లు ఈడికే వస్తరు" అన్నడు. నేను బ్రేక్ పట్టిన. నడుమ డిస్క్ ఆగింది గని చుట్టున్న రింగు ఆగలే. స్పోకులు టపటప తెగినయ్. తాడు తెంపుకొని పోయి ఎస్సై కాళ్ల కాడ పడ్డ.

లాఠీ లేసింది. "సార్, బ్రేక్ పడలే" అని మొత్తుకున్న.

ఎనక నుంచి లీడరన్న మైకుల, "విన్నరా, మన ఉద్యమానికి బ్రేక్ పడదంటున్నడు తమ్ముడు" అన్నడు. ఒకటే చప్పట్లు. నన్ను దవాఖానకు తీస్కపోయిన్రు, దండ అన్న మెడల పడ్డది.

రాష్ట్రం వచ్చింది. అన్న ఇప్పుడు కార్ల తిరుగుతడు. మొన్న రోడ్డు మీద చెయ్యెత్తిన, ఆగలే. ఆ చక్రాలు మాత్రం నేను బిగియ్యలే.