సౌదీకి వేసిన సున్నా

ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటి కూడా మొదటి నుంచి చివరిదాకా చూడకుండా, ముప్ఫై రెండు దేశాల జాతకం రాసి, కింద హోదాతో సహా సంతకం పెట్టిన బుద్ధిమంతుణ్ని నేను. ఆ రోజుల్లో నాకు గోల్‌కీ గోలకీ పెద్ద తేడా తెలియదు. కాకపోతే అంచనాలు వేయడం నా ఉద్యోగం. ఉద్యోగం కదా అని ఊళ్లో ఉన్నవన్నీ అంచనా వేయబోవడం నా తెలివితక్కువ.

2022 నవంబరులో నేను అమలాపురానికి అవతల, సముద్రం వైపు ఉన్న ఒక మండలంలో సహాయ గణాంక అధికారిగా ఉన్నాను. పదవీ విరమణకు ఐదు నెలలుంది. సార్వా వరి కోతలు మొదలయ్యాయి. కోతలంటే మాకు పంట కోత ప్రయోగాలు. ఎకరానికి ఇంత పండిందని ప్రభుత్వం ఎలా చెబుతుందని చాలామంది నన్ను అడుగుతుంటారు. గాలిలోంచి చెప్పదు. అంకెలు వరస లేకుండా అచ్చువేసిన ఒక పట్టిక మా దగ్గర ఉంటుంది. ఏ సర్వే నంబరు చేను కొయ్యాలో, ఆ చేలో ఏ చోట కొయ్యాలో ఆ పట్టికే చెబుతుంది. నైరుతి మూల నుంచి అది చెప్పినన్ని అడుగులు పొడవునా, అడ్డంగానూ నడిచి, మేకు పాతి, ఐదు మీటర్ల చదరం తాడుతో కొలుస్తాం. ఆ చదరంలో పంటనే కోసి, అక్కడే నూర్చి, తూర్పారబట్టి తూస్తాం. అది పచ్చి తూకం. అందులోంచి కిలో గింజలు గుడ్డసంచిలో ఆఫీసుకి తెచ్చి, రోజుల తరబడి ఆరబెట్టి మళ్లీ తూస్తాం. అది ఆరిన తూకం. లెక్కలోకి వెళ్లేది ఇదే.

కోత దగ్గర రైతు ఉండాలి, ఫారం మీద సంతకం పెట్టాలి. ఆయన పెట్టనన్నా, మేం వెళ్లేలోపు చేను కోసేసినా ఆ ప్రయోగం ‘పోయింది’ అని రాసి, పైవాళ్లకి సంజాయిషీ ఇచ్చుకోవాలి. నా సర్వీసులో అప్పటికి ఒక్క ప్రయోగమూ పోలేదు. గొప్పగా చెప్పుకోవడానికి నాకున్నది అదొక్కటే.

ఆ మండలంలో ఒక ఊళ్లో మంగాయమ్మగారి టీ కొట్టు మా అనధికార క్యాంపు ఆఫీసు. ఆ నెల అక్కడ వరి మాట ఎత్తినవాడు లేడు, అంతా ఖతారులో జరిగే ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు గొడవే. డ్రిల్లు మాస్టారుగా రిటైరైన వర్మగారు బ్రెజిల్ పక్షం. కొట్లో సగం మంది అర్జెంటీనా. సౌదీ పక్షాన ఒకే ఒక్కడు, సత్తిబాబు. పన్నెండేళ్లు సౌదీలో క్రేన్ నడిపి ఆ వేసవిలోనే తిరిగొచ్చి వ్యవసాయంలోకి దిగాడు.

“సౌదీవోళ్లు ఎండలో పుట్టి ఎండలో ఆడినోళ్లండి. ఖతారు ఆళ్లకి పొరుగూరండి. అర్జెంటీనావోళ్లు ఎక్కడి నుంచి రావాలి చెప్పండి?” అనేవాడు సత్తిబాబు.

“ఎండలో తిరిగితే కప్పొచ్చేస్తే, మన రొయ్యల చెరువుల గట్ల మీద కాపలావాళ్లకి ఎప్పుడో రావాలోయ్,” అనేవారు వర్మగారు.

ఈ తగువు పడలేక మంగాయమ్మగారు ఒకరోజు, “లెక్కల బాబుగారు ఇక్కడే ఉన్నారు కదండీ, ఆయన్నే తేల్చెయ్యమనండి,” అన్నారు. అందరూ ఆయ్ అంటే ఆయ్ అన్నారు. మొహమాటానికి కూడా వద్దనలేదు నేను.

రెండు రోజులు కూర్చుని, పాత టోర్నమెంట్ల ఫలితాలన్నీ కూడి, మిగిలిపోయిన ఫారం వెనక ఒక పట్టిక వేశాను. దేశం పేరు, ఒక్క మ్యాచైనా గెలిచే అవకాశం, అభిప్రాయం అని మూడు గడులు. సౌదీ ఎదురుగా సున్నా వేశాను. ముప్ఫై ఏళ్ల అలవాటు కదా, చెయ్యి దానంతటదే కింద సంతకం చేసి, సహాయ గణాంక అధికారి అని కూడా రాసేసింది. మంగాయమ్మగారు దాన్ని గోడకి అంటించారు.

“పోనీ, సున్నా పాయింటు ఏదో ఒకటి వెయ్యకూడదాండీ?” అన్నాడు సత్తిబాబు.

పాయింటు పెట్టినా సున్నా సున్నాయేనని నేను చమత్కరించాను. కొట్టంతా నవ్వింది. సత్తిబాబు నవ్వలేదు. అది నేను గమనించలేదు.

తర్వాత మంగళవారం మధ్యాహ్నం ఒక నోటీసు ఇవ్వడానికి అదే కొట్టుకి వెళ్లాను. మర్నాటి ప్రయోగానికి మా అంకెల పట్టికలో వచ్చిన చేను సత్తిబాబుదే. అతను బిస్కట్ల సీసాకి ఫోను ఆనించి, అర్జెంటీనాకీ సౌదీకీ మ్యాచ్ చూస్తున్నాడు. నోటీసు అందిందని సంతకం పెట్టించుకుని నేనూ కూర్చున్నాను. ముందు అర్జెంటీనా గోలు కొట్టింది. గోడ మీది నా పట్టిక వైపు ఒకసారి చూసుకుని టీ చెప్పాను. తర్వాత వాళ్లు బంతిని మూడుసార్లు వలలో వేసినా ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. అదేమిటని వర్మగారిని అడిగితే, ఉండకూడని చోట ఉండి బంతి అందుకుంటే ఆ గోలు చెల్లదని ఓపిగ్గా చెప్పారు. నైరుతి మూల వదిలేసి ఈశాన్యం నుంచి కొలిస్తే మా ప్రయోగం చెల్లనట్టే అని నాకు అర్థమైంది. విరామం తర్వాత సౌదీ ఒకటి కొట్టింది. టీ చల్లారేలోపు ఇంకొకటి కొట్టింది.

సౌదీ గెలిచి మ్యాచ్ అయ్యాక సత్తిబాబు కేకలు వేసుంటే నాకు సుఖంగా ఉండేది. అతను లేచి, గోడ మీది నా పట్టికని పైనుంచి కిందిదాకా, సంతకంతో సహా చదివి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే తాడూ మేకులూ పట్టుకుని చేలోకి వెళ్లాను. ఆకాశం మబ్బుగా ఉంది. మధ్యాహ్నానికి కోత మిషను వస్తుంది. సత్తిబాబు గట్టు మీద కూర్చుని, ఫారం మీద సంతకం పెట్టనన్నాడు.

కారణం అడిగాను. “మీ సంతకం ఉన్న కాయితం ఒకటి కొట్లో చూసేను కదండి,” అన్నాడు. “మీరు సున్నా వేసినప్పుడు అందరూ నవ్వేరండి. సౌదీకి సున్నా అంటే నా పన్నెండేళ్లకీ సున్నా అనే కదండీ? నేనొచ్చేక వేసిన మొదటి చేనండి ఇది. క్రేన్ తోలుకునేవోడికి వరేంటని అందరూ అన్నవాళ్లే. దీనికి కూడా కూర్చున్నచోటి నుంచే సున్నా వేసేస్తారేమోనని,” అన్నాడు.

అతనే దారి చెప్పాడు. అంచనా తప్పని ఆ పట్టిక మీద నా చేత్తో రాస్తే సంతకం పెడతానన్నాడు. గట్టు దిగి కొట్టుకి నడిచి, ‘పై అంచనా తప్పు. సౌదీ గెలిచింది’ అని రాసి సంతకం చేశాను. నా వెనకే వచ్చిన సత్తిబాబు వంగి చూసి, “హోదా రాయలేదండి,” అన్నాడు. రాశాను.

ప్రయోగం సవ్యంగా జరిగింది. అంతకు ముందు వారం వానకి గింజ తడిసి ఉంది. పచ్చి తూకం పదహారు కిలోలు వచ్చింది. ఇది ఆరితే తగ్గుతుందని చెప్పబోతే, “తూకం తూకమేనండి,” అని సత్తిబాబు ఊరంతా పదహారు అని చాటింపు వేశాడు. అక్కడితో ఆగలేదు. అమలాపురం వెళ్లి నా పట్టికకి లామినేషన్ చేయించి తెచ్చి మళ్లీ గోడకి పెట్టాడు. ఆ దారిన వచ్చిన ప్రతి అధికారీ చదివేవారు. తహశీల్దారుగారు టీ తాగినంతసేపూ చదివి, “సంతకం మీదేనా?” అని మాత్రం అడిగారు.

తర్వాత వారంలో సౌదీ ఆడిన రెండు మ్యాచ్‌లూ ఓడి ఇంటికి పోయింది. నేను మాత్రం గుడ్డసంచి ఎండలో పెడుతూ తీస్తూ ఉన్నాను. గింజ పూర్తిగా ఆరాక తూచి, లెక్క కట్టి, ఒక కొత్త కాయితంతో మంగాయమ్మగారి కొట్టుకి వెళ్లాను. వర్మగారు అది బయటికి చదివారు.

‘సత్తిబాబుగారి చేను: పచ్చి తూకం పదహారు కిలోలు, ఆరిన తూకం పదమూడు కిలోల పైచిలుకు. సౌదీ జట్టు: పచ్చి తూకం అర్జెంటీనా మీద గెలుపు, ఆరిన తూకం నాలుగు జట్ల గ్రూపులో నాలుగో స్థానం.’

కొట్టంతా నవ్వింది. ఈసారి నేను సత్తిబాబు మొహమే చూస్తున్నాను. అతను కాయితం తీసుకుని తనే మళ్లీ చదువుకున్నాడు. “పదమూడు తక్కువేం కాదు కదండీ?” అన్నాడు. కాదన్నాను. ఆ సార్వాలో మేం ఆ ఊళ్లో కోసిన చేలన్నిటిలోకీ అదే ఎక్కువ. ఆ మాట కూడా అందరూ వినేట్టు చెప్పాను. అప్పుడు నవ్వాడు.

కొలవకముందు సున్నా వెయ్యకూడదు, ఆరకముందు తూకం చాటకూడదు. మొదటిది నేను నేర్చుకున్నాను, రెండోది సత్తిబాబు నేర్చుకున్నాడు. వర్మగారి బ్రెజిల్ అప్పటికింకా పోటీలోనే, అంటే ఎండలోనే ఉంది.

ఆ కాయితం మీద సత్తిబాబు చేత సంతకం పెట్టించాను. పెట్టి లేవబోతుంటే, “హోదా రాయలేదండి,” అన్నాను. బుద్ధిగా కూర్చుని ‘రైతు’ అని రాశాడు. లామినేషన్ నేనే చేయించి, మొదటిదాని పక్కనే పెట్టించాను. ఆరిన తూకం కాయితానికి రైతు సంతకం కావాలని ఏ నిబంధనల్లోనూ లేదు. ఆ సంగతి సత్తిబాబుకి నేను ఇప్పటికీ చెప్పలేదు.