కీబోర్డు కండిషన్

మా ఆయన కీబోర్డు అమ్మేద్దామన్న రోజున నేను కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్నాను. "ఎవరన్నా వాయించేవాళ్ళ దగ్గరికి పోతే మంచిది. ఇక్కడుంటే దుమ్ము కొట్టుకుపోవడమేగా," అన్నాడు. ముందుగదిలో గోడవారన గుడ్డ కప్పుకుని ఉన్న దానివైపు చూడకుండానే అన్నాడు.

అంతకుముందు వేసవిలో ఆయనకి పక్షవాతం వచ్చింది. పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా పని చేసేవాడు, అక్కడే కుర్చీలోంచి ఒరిగిపోయాడు. దేవుడి దయవల్ల మాట పడిపోలేదు. కాలు కొంత దారికొచ్చింది, ఈడ్చుకుంటూ నడుస్తాడు. ఎడమ చెయ్యి మాత్రం రాలేదు. వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. రబ్బరు బంతి పిసకమన్నారు, పిసికాడు. నూనె మర్దనా చేయించమన్నారు, చేయించాం. ఇంకెవరెవరో ఏవేవో చెప్పారు, అవీ చేశాం. రోజూ పొద్దున లేవగానే ఆ వేళ్ళవైపు చూడటం నాకు అలవాటైపోయింది. ఇప్పటికీ చూస్తాను.

పెళ్ళికి ముందు నుంచీ ఆదివారం ఆరాధనలో కీబోర్డు ఆయనదే. నేను ఆయన్ని మొదటిసారి చూసింది దాని వెనకాలే. పాటలు పాడేవాళ్ళు శ్రుతి తప్పితే కనుబొమ్మలు ముడిచేవాడు. అందరిలోకీ ఎక్కువగా శ్రుతి తప్పేది నేనే.

అమ్మడానికి ఆయన ఒకే ఒక షరతు పెట్టాడు. "ఫోన్లో అమ్మకానికి పెట్టేటప్పుడు దాని సంగతి ఎంతైనా రాసుకో. నా చెయ్యి సంగతి మాత్రం ఒక్క ముక్క కూడా రాయొద్దు, ఎవరడిగినా చెప్పొద్దు."

ఎందుకో నాకు తెలుసు. ఆయనకి జబ్బు చేసినప్పటి నుంచి మా చర్చిలో ప్రతి ఆదివారం ప్రార్థన చేసేవాళ్ళు. పేరు పెట్టి, చెయ్యి అని కూడా చెప్పి చేసేవాళ్ళు. ప్రేమతోనే, కాదనను. కానీ ఆ మాట వచ్చినప్పుడల్లా వెనక బెంచీలో కూర్చున్న ఆయన తల ఇంకాస్త వంగిపోయేది. "నన్ను చూస్తే చెయ్యి తప్ప ఇంకేం కనపడదా వీళ్ళకి?" అన్నాడు ఒకరోజు ఇంటికొచ్చాక. ఆ తర్వాత వెళ్ళడం మానేశాడు. నేను రమ్మని బతిమాలి, కోప్పడి, చివరికి ఊరుకున్నాను.

సరే, చెప్పనని మాటిచ్చాను. సత్తెనపల్లిలో ఓ ప్రైవేటు బళ్ళో టీచర్ని నేను. నాలుగు ముక్కలు రాయడం నాకో లెక్కా అనుకున్నాను. ఫోన్లో పాత సామాన్లు అమ్మే యాప్ తెరిస్తే కండిషన్ ఎలా ఉంది అని అడిగింది. కొత్తదానిలా ఉంది, బాగుంది, పర్వాలేదు. ఈ మూడింట్లో ఒకటి నొక్కమంది. ఇరవై ఏళ్ళుగా ఇంట్లో మనిషైపోయిన కీబోర్డుని పర్వాలేదు అనడానికి నోరు రాలేదు. అది వదిలేసి కింద ఖాళీగా ఉన్న చోట రాయడం మొదలుపెట్టాను.

నేను రాసిన పద్ధతి మా పుట్టింటి పద్ధతి. మా నాన్న కౌలుకి మిరప వేసేవాడు. సెలవులొస్తే అమ్మా నేనూ కల్లంలో కూర్చుని తాలు ఏరేవాళ్ళం. ఎండబెట్టిన కాయల్లో రంగు పోయి తెల్లబడ్డదే తాలు. అది ఎర్రకాయలో కలవకూడదు. మిర్చి యార్డులో కొనేవాడు బస్తాలోకి మోచెయ్యి దాకా చెయ్యి దూర్చి అడుగుకాయ పైకి లాగుతాడు. అందులో తాలు కనపడిందా, ఎర్రకాయకి కూడా చెడ్డపేరే. అందుకని బేరగాడు ఇంటికొస్తే అమ్మ ముందు తాలు కుప్ప దగ్గరికే తీసుకెళ్ళేది. "ఇదయ్యా మా తాలు, కళ్ళారా చూసుకో. ఇంక లోపలున్నదంతా మంచిదే," అనేది.

నేనూ అదే చేశాను. మొదటి ఫోటో, క్రిస్మస్ కొవ్వొత్తి పడి కాలిన మచ్చ. బాగా దగ్గరగా తీశాను. రెండోది, అడాప్టరు వైరుకి చుట్టిన నల్ల టేపు. తర్వాత తీగతో కట్టిన స్టాండు కాలు. కింద రాశాను: కుడి చివర రెండు తెల్ల మెట్లు పసుపు తిరిగాయి, వానాకాలంలో నడిమి మెట్టొకటి నొక్కితే పైకి లేవదు, శబ్దం పెంచే బిరడా గరగరమంటుంది. ఆ యాప్‌లో మొదటి ఫోటోయే దుకాణం ముందు బోర్డులాంటిదని నాకేం తెలుసు! ఊళ్ళోవాళ్ళందరికీ కనపడింది కాలిన మచ్చే.

ఇక మొదలయ్యాయి మెసేజీలు. "ఉందా?" అని ఒకడు. ఉంది కాబట్టే కదా పెట్టింది! ఉందండీ అంటే మళ్ళీ పలకడు. "లాస్ట్ రేటు చెప్పు" అని ఇంకొకడు, మొదటి రేటు అడక్కుండానే. ఫిరంగిపురం నుంచి ఒకతను పాత పురుగుమందు స్ప్రేయరు ఇస్తాను, మార్చుకుందామా అన్నాడు. "మా ఇంట్లో పాడేదే కావాలండీ, కొట్టేది వద్దు," అని రాశాను. కాలిన కీబోర్డు కాటాకి వేసుకోండి అని సలహా ఇచ్చినవాడి మీద మాత్రం నోరు చేసుకున్నాను. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని ఊరికే అన్నారా.

మా బళ్ళో లెక్కల మేడం నా ఫోన్ చూసి నెత్తి కొట్టుకుంది. "ఏంటండీ మేడం ఇది! సంబంధానికొచ్చినోళ్ళకి పిల్ల చెప్పుతెగిన కాలు చూపిచ్చినట్టుంది. మంచి ఫోటో ముందు పెట్టండి." నేను మార్చలేదు. మొండితనమే అనుకోండి. వారాలు గడిచాయి. కీబోర్డు గుడ్డ కప్పుకుని అక్కడే ఉంది, మా ఆయన దాన్ని తప్పించుకుని అటువైపు కూర్చోవడం నేర్చుకున్నాడు.

అప్పుడు పిడుగురాళ్ల అవతల ఓ పల్లె నుంచి పాస్టరు గారు ఫోన్ చేశారు. "వందనాలమ్మా. మీరు రాసిందంతా చదివాను. ఇన్ని లోపాలు తనంతట తాను చెప్పుకున్న మనిషి దగ్గర మోసం ఉండదనిపించింది. మా సంఘంలో ఒక అమ్మాయి నేర్చుకుంది, వాయించడానికి మాకు కీబోర్డు లేదు. శనివారం రమ్మంటారా?" నాకెంత గర్వమేసిందో చెప్పలేను. ఇంట్లోకి పరుగెత్తి చెబితే, అమ్మాయి వాయిస్తుందట అన్న మాట దగ్గర మా ఆయన ముఖం తేటపడింది. "మంచిది," అన్నాడు.

శనివారం పొద్దున ఆయనే గుడ్డ తీసి, కుడిచేత్తో కీబోర్డంతా తుడిచాడు. పాస్టరు గారు వచ్చే వేళకి దాని ముందు కుర్చీలో కూర్చుని, ఒళ్ళో తువ్వాలు వేసుకుని, దాని కింద ఎడమ చెయ్యి పెట్టుకున్నాడు. పాస్టరు గారు తెల్లచొక్కా మనిషి, నెమ్మదస్తుడు. నేను రాసిన లోపాలన్నీ ఒక్కొక్కటే చూసుకుని నవ్వారు. "అన్నీ చెప్పినట్టే ఉన్నాయమ్మా. నాకు వాయించడం రాదు. కొంచెం వినిపిస్తారా బ్రదర్?"

ఇంత ఆలోచించినవాళ్ళం, వాయించమని అడుగుతారన్న ఆలోచనే మా ఇద్దరికీ రాలేదు.

మా ఆయన నావైపు చూడలేదు. కుడిచెయ్యి మెట్ల మీద పెట్టి, ఆరాధన మొదట్లో పాడే పాట ఎత్తుకున్నాడు. రాగం చక్కగా వచ్చింది. రాగం ఒక్కటే వచ్చింది. ఎడమచెయ్యి కిందనుంచి అందించాల్సినదేదీ రాలేదు. ఒక చరణం అయ్యాక ఆపేశాడు.

పాస్టరు గారు కాసేపు మొహమాటపడ్డారు. తర్వాత నావైపు తిరిగి, "ఏమనుకోవద్దమ్మా. ఈ ఎడమ పక్క మెట్లు పలకవా? మీరు రాసినవాటిలో ఇది లేదే," అన్నారు.

ఏం చెప్పను? నిజం చెబితే ఇచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే దాచిపెట్టి అమ్ముతున్నదాన్నవుతాను. "పలుకుతాయండీ," అన్నాడు మా ఆయన. "అన్నీ పలుకుతాయి."

నేను లేచి వెళ్ళి ఆయన ఎడమ పక్కన నిలబడ్డాను. నాకు వాయించడం రాదు. చూపుడువేలుతో ఆ చివర నుంచి ఒక్కొక్క మెట్టే నొక్కుకుంటూ వచ్చాను. ఒక్కటి కూడా మిగలకుండా అన్నీ పలికాయి. పాస్టరు గారి ముఖం వెలిగింది. "బాగున్నాయమ్మా, తీసుకుంటాను," అన్నారు. నేను చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే మోచెయ్యి తగిలి తువ్వాలు జారి కింద పడింది.

పాస్టరు గారు చూశారు. చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తన కుర్చీ ముందుకి లాక్కుని, ఆ ముడుచుకున్న చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"మీ పేరేంటన్నారు బ్రదర్?"

మా ఆయన పేరు చెప్పాడు.

పాస్టరు గారు కళ్ళు మూసుకుని, ఆ పేరు పెట్టి, ఆ చెయ్యి కోసం ప్రార్థన మొదలుపెట్టారు. నేను కళ్ళు మూసుకోలేదు. మా ఆయన కూడా మూసుకోలేదు. అది అయ్యేదాకా నావైపే చూస్తూ కూర్చున్నాడు.