డికాక్షన్ సీసాలో స్టౌట్

కొత్త బీర్ల రుచులు వెతికే మా స్నేహితులకు, కాఫీ గింజలు వేసి చెక్క పీపాల్లో నెలలపాటు ఊరబెట్టిన నల్లటి స్టౌట్ బీరంటే ప్రాణం. ఓ సీసా ఆమదాలవలసలో మా ఇంటికి తెచ్చుకుని సగం తాగాను. మిగిలింది అమ్మ కంటపడకుండా డికాక్షన్ సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను.

నాన్న తాగుడు మానడానికి మాత్రలు వాడుతున్నారు. వాటి మీద మందు పడితే ప్రాణాపాయమని డాక్టరు చెప్పారు. షుగరు వల్ల ఆయన పాలు కలపని డికాక్షనే తాగుతారని నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్న వంటింట్లో మొహం కందిపోయి, వాంతుల మధ్య పడి ఉన్నారు.

ఆసుపత్రిలో మూడో రోజు మాట్లాడగలిగారు. "కాఫీ అనుకున్నావా నాన్నా?" అని ఏడ్చాను.

"తొలి గుక్కకే తెలిసిపోనాదిరా. గ్లాసు దించలేకపోనాను. మీ అమ్మకి సెప్పకు."

అమ్మ ఇప్పటికీ నన్నే తిడుతోంది. తలొంచుకుని పడుతున్నాను.